గోదావరి బోటుకు ఏసీ: కరెంటు తక్కువ తాగేది ఎంచుకోవడం ఎలా

ఇంట్లో ఏసీ ఎక్కువ కరెంటు తాగితే నెలాఖరున బిల్లు పెరుగుతుంది, అంతే. బోటులో అయితే రాత్రి రెండింటికి బ్యాటరీ పడిపోతుంది. లేదంటే పడుకున్నవాళ్ల తలాపున తెల్లవార్లూ జనరేటర్ మోగుతుంది. అందుకే దిండి రేవులో హౌస్‌బోటుకైనా, నరసాపురం, యానాం వైపు తిరిగే గదుల లాంచీకైనా ఏసీ షాపుకు వెళ్లడం ఆఖరి పనిగా పెట్టుకోండి. ముందు గదిలోకి వేడి ఎటునుంచి వస్తోందో చూడాలి. తర్వాత రాత్రికి ఎన్ని యూనిట్ల కరెంటు చేతిలో ఉంటుందో లెక్కేయాలి. ఈ రెండూ తేలితే ఎన్ని టన్నులో, ఏ రకమో చెప్పడం పెద్ద పని కాదు. చాలామంది ముందు టన్నున్నర ఏసీ కొనేసి, దాన్ని లాగే జనరేటర్ కోసం తర్వాత వెతుకుతారు. డీజిలు ఖర్చు అక్కడే మొదలవుతుంది.

ముందు గది సంగతి

బోటు గదికి ఇటుక గోడలుండవు, పక్కింటి నీడా ఉండదు. పైన రేకు గానీ ఫైబర్ గానీ, దాని మీద అందం కోసం వెదురు తడికో తాటాకో. పక్కలంతా కిటికీలు. కింద నీళ్లున్నాయి కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటారు కానీ, మధ్యాహ్నం నీటి మీద పడి తిరిగి వచ్చే ఎండ కిటికీల్లోంచి కింది వైపు నుంచి కూడా కొడుతుంది. పైన చూరు ఎంత దింపినా దీన్ని ఆపదు.

అన్నిటికంటే ఎక్కువ లాభమిచ్చేది పైకప్పు. రేకుకూ లోపలి సీలింగుకూ మధ్య వేడిని ఆపే 50 మిల్లీమీటర్ల నురుగు పలకలు, అంటే పఫ్ ప్యానెల్ గానీ ఎక్స్‌పీఎస్ షీటు గానీ వేయించండి. నిప్పును త్వరగా అంటించుకోని రకమేనని బిల్లు మీద రాయించుకోండి. మామూలు థర్మోకోల్ చవకే, కానీ అగ్గి అంటుకుంటే నది మధ్యలో పారిపోయే చోటుండదు. షీటుకూ షీటుకూ మధ్య అతుకుల్ని అల్యూమినియం టేపుతో మూసేయాలి. అతుకు వదిలేస్తే అక్కడ చెమ్మ పట్టి, ఏడాది తిరక్కుండానే సీలింగు చెక్క మీద నల్లమచ్చలు కనిపిస్తాయి.

పడమటి వైపు కిటికీలకు బయట తెర ఉండాలి. లోపలి కర్టెను ఎండను ఆపదు, అప్పటికే లోపలికొచ్చిన వేడిని దాచిపెడుతుందంతే. తలుపు కింద సందు, పైపుల కోసం పెట్టిన రంధ్రాలు, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ ఖాళీ, వీటిని రబ్బరు బీడింగుతో మూయించండి. రాత్రి గదిలో దీపాలార్పి, బయట నుంచి టార్చి వేసి చూస్తే సందులన్నీ దొరికిపోతాయి. ఈ పనులకయ్యే ఖర్చు, రెండో బ్యాటరీ ధరతో పోలిస్తే తక్కువే.

ఎన్ని టన్నులు

బోట్లకు లోకమంతా వాడే మోటు లెక్క ఒకటుంది. ఏసీ గంటకు ఎంత వేడి లాగాలో బీటీయూల్లో కొలుస్తారు. నీటిమట్టానికి కింద ఉండే గదికి చదరపు అడుక్కు 60 బీటీయూ, మధ్య అంతస్తుకు 90, డెక్కు పైన ఎండలో ఉండే గదికి 120. మన హౌస్‌బోటు గదులన్నీ ఈ మూడో రకమే. 10 అడుగులు పొడవు, 9 అడుగులు వెడల్పు ఉన్న గదికి 90 చదరపు అడుగులను 120తో హెచ్చిస్తే 10,800 బీటీయూ. టన్ను అంటే 12,000 బీటీయూ. అంటే టన్ను ఏసీకి లోపలే. పైకప్పుకు షీటు వేసి, పడమర కిటికీకి తెర కట్టి, గదిని రాత్రికే వాడేటట్లయితే 0.8 టన్ను చాలు. గదిలో నలుగురు పడుకుంటారంటే మాత్రం టన్నుకు వెళ్లండి.

"ఎందుకైనా మంచిది, టన్నున్నర తీసుకోండి" అని అమ్మేవాడు చెబుతాడు. కోనసీమలో అది ఇంకా పెద్ద పొరపాటు. ఇక్కడ వేడి కంటే ఉక్క ఎక్కువ బాధ. పెద్ద ఏసీ పది నిమిషాల్లో గాలిని చల్లబరిచి కంప్రెసర్‌ను ఆపేస్తుంది, లేదా అతి తక్కువ వేగానికి దించేస్తుంది. కాయిల్ మీద తడి సరిగా చేరకముందే ఆగడంతో గాలిలో చెమ్మ పోదు. గది చల్లగా ఉంటుంది, దుప్పటి మాత్రం తడితడిగా తగులుతుంది. అప్పుడు 24 ఉన్నదాన్ని 20కి దించుతారు, కరెంటు పెరుగుతుంది, ఉక్క అలాగే ఉంటుంది. గదికి సరిపడా చిన్న ఏసీ ఆగకుండా నిదానంగా తిరుగుతూ నీటిని లాగేస్తుంది. వానాకాలపు రాత్రి దాని డ్రెయిన్ పైపు నుంచి గంటకు లీటరు నీళ్లు కారినా ఆశ్చర్యం లేదు.

లేబుల్ చదవడం

నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే లేబుల్ మీద మూడు సంగతులు చూడండి: ఐఎస్‌ఈఈఆర్ అంకె (ఎంత ఎక్కువుంటే అంత పొదుపు), ఏడాదికి ఎన్ని యూనిట్లు, లేబుల్ ఏ కాలానిది. నక్షత్రాల కొలమానాన్ని ఎప్పటికప్పుడు బిగిస్తుంటారు కాబట్టి, పాత స్టాకులోని 5 నక్షత్రాల ఏసీ కొత్త లెక్కలో 4కో 3కో దిగిపోవచ్చు. అంకె అబద్ధమాడదు. ఇంకోటి, విండో ఏసీలకూ స్ప్లిట్‌లకూ కొలమానాలు వేరు. విండోలో 5 నక్షత్రాలంటే స్ప్లిట్‌లో 5 నక్షత్రాలంత పొదుపు కాదు.

బోటువాళ్లకు నిజంగా పనికొచ్చేది ఏడాది యూనిట్ల అంకె. దాన్ని 1,600 గంటల వాడకానికి లెక్కగడతారు. ఆ అంకెను 1,600తో భాగిస్తే గంటకు సగటున ఎంత తాగుతుందో వచ్చేస్తుంది. ఉదాహరణకు టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) మీద 520 యూనిట్లని ఉందనుకోండి. గంటకు 0.325 యూనిట్లు. బోటు గది నుంచి ఇంటి గదికంటే ఎక్కువ చల్లదనం బయటికి పోతుంది కాబట్టి దానికి మూడోవంతు కలిపితే 0.43. రాత్రి పది గంటలకు 4.3 యూనిట్లు. ఈ అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి. బ్యాటరీ, సోలారు, జనరేటరు లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి.

నీటితో చల్లబడే మెరైన్ ఏసీ మనకు పనికొస్తుందా

విదేశీ పడవల్లో కనిపించేది ఈ రకం. పడవ అడుగున రంధ్రం పెట్టి, నీటిని పంపుతో లాగి, ఏసీ కండెన్సర్ (వేడిని బయటికి వదిలే భాగం) గుండా పంపి మళ్లీ బయటికి వదులుతారు. ఎండాకాలం గాలి 40 డిగ్రీలున్నప్పుడు నీరు అంతకంటే చాలా చల్లగా ఉంటుంది కాబట్టి కంప్రెసర్‌కు శ్రమ తగ్గుతుంది. కాగితం మీద ఇదే పొదుపు.

గోదావరిలో చిక్కెక్కడంటే నీటిలోనే. టన్నుకు నిమిషానికి 11 లీటర్ల చొప్పున నీరు ఆగకుండా పారాలి. జూలైలో ఎర్రనీరు దిగిందంటే ఆ నీటి నిండా ఒండ్రే. జల్లెడ పూడిపోతుంది, కండెన్సర్ గొట్టాల్లో బురద పేరుకుంటుంది, ప్రెషర్ పెరిగి ఏసీ ఆగిపోతుంది. వరద తగ్గాక కాలువల నుంచి గుర్రపుడెక్క, పాలిథిన్ కవర్లు వస్తాయి. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన పోటుపాట్లుంటాయి కాబట్టి, పాటు వేళ బోటు ఒడ్డున లోతు తక్కువ నీటిలో ఉంటే పంపు నోరు నేరుగా బురదలోకే తెరుచుకుంటుంది. అంతర్వేది వైపు ఉప్పునీటిలో గొట్టం నోట్లోనే గుల్లలు పెరుగుతాయి. పైగా పంపు కూడా కరెంటు తాగుతుంది, ఏసీ తిరిగినంతసేపూ తిరగాల్సిందే. ఈ రకం ఏసీల్లో ఇన్వర్టర్ కంప్రెసర్ లేని మోడళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒక పక్క మిగిలింది ఇంకో పక్క పోతుంది.

ఎప్పుడూ లోతు నీటిలో ఉండే పెద్ద లాంచీ అయి, రోజూ జల్లెడ విప్పి కడిగే మనిషి ఉంటే దీని గురించి ఆలోచించవచ్చు. ఒకటి రెండు గదుల హౌస్‌బోటుకు మాత్రం గాలితో చల్లబడే మామూలు ఇన్వర్టర్ స్ప్లిట్టే సరైనది. చెడిపోతే రాజోలు నుంచో అమలాపురం నుంచో మెకానిక్ బైకు మీద వచ్చి బాగుచేస్తాడు. మెరైన్ ఏసీ పంపు పాడైతే విడిభాగం ఊళ్లో దొరకదు.

మిగతా రకాల సంగతి చెప్పుకుంటే, విండో ఏసీ పెట్టడం తేలిక, కానీ మోతా కరెంటూ రెండూ ఎక్కువే. 24 వోల్టుల లారీ ఏసీలను కొందరు బోటుకు పెడుతున్నారు. ఆన్‌లైన్లో వాటికి రాసే బీటీయూలను నమ్మకుండా ఆంపియర్లు చూడండి. 24 వోల్టుల మీద 40 ఆంపియర్లంటే 960 వాట్లు, పూర్తి వేగంలో టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ తీసుకునేదీ ఇంచుమించు అంతే. చక్రాల మీద తోసుకెళ్లే ఒంటి గొట్టం పోర్టబుల్ ఏసీని బోటులో పెట్టనే పెట్టొద్దు. అది గదిలోని గాలినే బయటికి తోస్తుంది, ఆ లోటు తీరడానికి సందుల్లోంచి బయటిగాలి లోపలికి వస్తుంది. వెనక జనరేటర్ తిరుగుతుంటే ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. ఏ ఏసీ పెట్టినా సరే, జనరేటర్ ఉన్న బోటులో ప్రతి పడకగదికీ ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

గ్యాసు విషయం. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువ భాగం ఆర్32. అది తక్కువగానైనా మండే రకం, గాలికంటే బరువు. ఇండోర్ యూనిట్‌నూ అతుకుల్నీ ఇంజనుగది వైపు, బోటు అడుగున నీరు చేరే గుంట వైపు తిప్పకండి. లీకైన గ్యాసు అక్కడికే దిగి కూర్చుంటుంది. ఆర్290 ప్రొపేన్ రకం, తేలిగ్గా అంటుకుంటుంది. పొదుపు బాగున్నా బోటుకు వద్దు.

కరెంటు ఎక్కడిది

ఇందాక రాసుకున్న 4.3 యూనిట్లకు వద్దాం. బ్యాటరీ కరెంటును 230 వోల్టులకు మార్చేటప్పుడు పదోవంతు పోతుంది, అలా మార్చే పెట్టె, అంటే బ్యాటరీ ఇన్వర్టర్, తనకు తాను 50 వాట్ల దాకా తింటుంది. మొత్తం రాత్రికి 5.3 యూనిట్లు. మార్కెట్లో దొరికే 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 5.12 యూనిట్లు, అందులో 80 శాతం వాడుకుంటే 4.1. ఒకటి చాలదు. రెండు పెడితే 8.2 యూనిట్లు వస్తాయి, ఫ్యాన్లూ దీపాలూ నడిచి మరునాటికి కాస్త మిగులుతుంది. ఇదే పని 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలతో చేయాలంటే, సగం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి ఎనిమిది పడతాయి. ఒక్కొక్కటి 50 కిలోలకు పైనే. ఎనిమిదీ కలిపితే 400 కిలోలు దాటుతుంది. ఆ బరువును ఒక పక్కన పేర్చితే బోటు వాలుతుంది.

సోలారు 540 వాట్ల ప్యానెల్ ఎండరోజున 2 యూనిట్లకు కాస్త పైన ఇస్తుంది. మూడు పెడితే రాత్రి ఏసీ కరెంటు తిరిగొస్తుంది. మూడింటికీ కలిపి పైకప్పు మీద 84 చదరపు అడుగుల చోటు కావాలి, అంటే ఇందాకటి గది పైకప్పంత. నాలుగు అంగుళాల ఎత్తులో బిగిస్తే ప్యానెళ్ల కింద గాలి ఆడి పైకప్పుకు నీడ కూడా వస్తుంది. ఫ్రేముతో కలిపి వంద కిలోల బరువు పైకెక్కుతుంది కాబట్టి, బోటుకు ఫిట్‌నెస్ ఇచ్చే సర్వేయరుకు ముందే చూపించండి. ప్యానెళ్లు పెట్టాక పైకప్పు మీదికి జనాన్ని ఎక్కనివ్వొద్దు.

వానాకాలంలో సోలారు సగానికి పడిపోతుంది, అప్పుడు జనరేటర్ తప్పదు. కానీ 5 కేవీఏ జనరేటర్‌ను ఒక్క ఏసీ కోసం రాత్రంతా తిప్పడం శుద్ధ దండగ. నాలుగు వందల వాట్ల లోడు మీద అది దాదాపు ఖాళీగానే తిరుగుతూ డీజిలు తాగుతుంది. నెలల తరబడి ఇలా తక్కువ లోడు మీద తిప్పితే కాలని డీజిలు సైలెన్సర్‌లో నల్లగా జిగటగా పేరుకుంటుంది. మంచి పద్ధతేమిటంటే, సాయంత్రం వంట వేళ రెండు రెండున్నర గంటలు జనరేటర్ వేసి, 50 ఆంపియర్ల చార్జర్‌తో బ్యాటరీలు నింపి, అదే సమయంలో గదుల్ని ముందే చల్లబరచడం. జనరేటర్ మీద బరువు పడుతుంది, డీజిలుకు తగ్గ కరెంటు వస్తుంది. పడుకునే వేళకు దాన్ని ఆపేస్తే నది చప్పుడు వినబడుతుంది, దాని కోసమే కదా జనం డబ్బు కట్టి వచ్చేది.

బ్యాటరీ ఇన్వర్టర్ కచ్చితంగా ప్యూర్ సైన్ వేవ్, అంటే ఇంటి కరెంటులాంటి నున్నటి అల ఇచ్చే రకం అయి ఉండాలి. చవక రకపు కరెంటు మీద ఏసీ బోర్డు కాలిపోతే వారంటీ కూడా చెల్లదంటారు. రేవు నుంచి కరెంటు తీసుకునేటట్లయితే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. ఒక్కో ఏసీకి ఒక్కోటి పెట్టండి. ప్రతి ఇన్వర్టర్ ఏసీ నుంచీ కొద్దిపాటి లీకేజీ కరెంటు ఉండనే ఉంటుంది. మూడు నాలుగు ఏసీలు ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే ఆ కొద్దికొద్దీ కలిసి ఊరికే పడిపోతుంటుంది, విసుగెత్తిన కుర్రాడెవడో దాన్ని తప్పించి తీగ నేరుగా కలిపేస్తాడు. నీటి మీద ప్రాణాలు పోయేది అలాగే. ఇనుప బోటుకు రేవు ఎర్తు తగిలిస్తే నీటి అడుగున రేకును తుప్పు త్వరగా తినేస్తుంది. గాల్వానిక్ ఐసోలేటర్ అనే చిన్న పెట్టె పెడితే అది ఆగుతుంది. ఎర్తు తీగను మాత్రం తీసేయొద్దు.

బిగించేటప్పుడు

అవుట్‌డోర్ యూనిట్ పైకప్పు మీదికి వద్దు. డెక్కు పక్కన, నీళ్లు చిమ్మే ఎత్తుకు ఒక అడుగు పైన పెట్టండి. రెండు గదులుంటే ఎడమకొకటి, కుడికొకటి. వెనక కనీసం నాలుగు అంగుళాలు, ముందు రెండడుగులు ఖాళీ ఉండాలి. ఫ్యాను ముఖం బోటు వెళ్లే దిక్కుకు పెడితే ఎదురుగాలి వేడిని మళ్లీ లోపలికి నెడుతుంది. ఇంజను పొగగొట్టం దగ్గర అసలే వద్దు.

ఇంటి ఏసీ ఏళ్ల తరబడి గ్యాసు నిలుపుకుంటుంది, బోటు ఏసీకి ఒక సీజనుకే పోతుంది. కారణం ఇంజను అదురు. అది పైపును ఫ్లేర్ నట్టు (పైపును యూనిట్‌కు బిగించే నట్టు) దగ్గర కొంచెం కొంచెం కదిలిస్తుంది. యూనిట్ కాళ్ల కింద దళసరి రబ్బరు ప్యాడ్లు వేసి, యూనిట్ దగ్గర రాగి పైపును ఒక చుట్టు తిప్పి వదిలితే ఆ అదురును చుట్టు తీసుకుంటుంది. పైపు 0.8 మిల్లీమీటర్ల మందం రాగిదే కావాలి. చవకగా వస్తుందని అల్యూమినియం పైపు వేస్తే ఉప్పుగాలికి నిలవదు. ఫ్లేర్ నట్టును మెకానిక్ చేతి అంచనాతో కాకుండా టార్క్ స్పానర్‌తో బిగించాలి. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో అంకె ఉంటుంది. పావు అంగుళం పైపుకు సాధారణంగా 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు. గ్యాసు వదిలి గాలిని బయటికి తరిమే పాత పద్ధతిని ఒప్పుకోకండి. వాక్యూం పంపు అరగంటైనా నడవాలి, ఆపాక ముల్లు కదలకుండా నిలబడాలి. లోపల మిగిలిన చెమ్మే తర్వాత కంప్రెసర్‌ను తింటుంది.

డ్రెయిన్ విషయంలో ఇంటి మెకానిక్‌కు తట్టని సంగతొకటుంది. జనమంతా సూర్యాస్తమయం చూడ్డానికి ఒక పక్కకు చేరితే బోటు ఒరుగుతుంది, ట్రేలో నీరు రెండో వైపుకు పోయి మంచం మీద కారుతుంది. చాలా ఇండోర్ యూనిట్లలో ట్రేకు రెండు వైపులా రంధ్రాలుంటాయి, ఒకదానికి రబ్బరు బిరడా పెట్టి ఉంటుంది. బోటులో ఆ బిరడా తీసి రెండు వైపులా పైపు వేయించండి. పైపు చివర బోటు బయటికే ఉండాలి, అడుగు గుంటలోకి కాదు.

స్టాండుకు జీఐ రేకు, మామూలు బోల్టులు వేస్తే రెండు వానాకాలాలకు తుప్పు పొరలు లేస్తాయి. 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి. 304 కాస్త చవక, కానీ అంతర్వేది, ఓడలరేవు గాలికి మచ్చలు పడుతుంది. కండెన్సర్ రాగి కాయిల్‌దై, రెక్కల మీద నీలం గానీ బంగారు రంగు గానీ పూత ఉన్నది ఎంచుకోండి. బోర్డు మీద కూడా పూత ఉందేమో అడగండి. తొలకరికి చీమలు చేరేది ఆ బోర్డులోకే.

వాడకంలో

వారానికోసారి కండెన్సర్‌ను మంచినీటితో, మెల్లటి ధారతో కడగాలి. నదిలో బిందె ముంచి పోయకండి, ఎండాకాలం అందులో ఉప్పుంటుంది, వానాకాలం ఒండ్రుంటుంది. ఏసీ డ్రెయిన్ నీటిలో ఉప్పు ఉండదు, దాన్నే డబ్బాలో పట్టి ఈ పనికి వాడుకోవచ్చు. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి. ఉష్ణోగ్రత 26 దగ్గర పెట్టి, కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క. రిమోట్‌ను అతిథి చేతికిచ్చాక 18కి దించకుండా ఆపడం కష్టం. చాలా మోడళ్లలో కనీస ఉష్ణోగ్రతను కట్టడి చేసే అమరిక ఉంటుంది, కొనేటప్పుడే ఆరా తీయండి.

బిగించాక డబ్బంతా ఇచ్చేయకముందు ఒక రాత్రి బోటును రేవులోనే ఉంచి, ఏసీ లైనుకు చిన్న యూనిట్ మీటరు తగిలించి పది గంటలు నడపండి. పొద్దున మీటరు 4 నుంచి 5 మధ్య చూపిస్తే లెక్క కుదిరినట్టు. 6 దాటితే మొదట తలుపు సందులు, తర్వాత సీలింగు అతుకులు, ఆ తర్వాత గ్యాసు ప్రెషర్ చూడాలి, ఈ వరసలోనే. మెకానిక్ వచ్చీరాగానే గ్యాసు తగ్గిందంటాడు. ప్రెషర్ గేజి పెట్టి చూపించమని అడగండి.